టైపిస్టు చంద్రికపై కార్మికుల శిక్షణ తరగతి

గోదావరిఖనిలో పుస్తకావిష్కరణ ఎక్కడ జరిగినా వేదిక మీద ఒక కుర్చీ జగదీశ్వర్‌కు ఉంటుంది. అతను ఏరియా స్టోర్స్‌లో సీనియర్ క్లర్కు. బొగ్గు గనుల్లోకి పోయే బోల్టులు, బెల్టులు, గమ్‌బూట్లు అతని సంతకం లేకుండా గేటు దాటవు. అయినా గని కార్మికులుండే ఎయిటింక్లైన్ కాలనీలో అతన్ని స్టోర్స్ క్లర్కుగా ఎవరూ గుర్తుపెట్టుకోరు. కార్మిక సంఘం సాహిత్య విభాగానికి అధ్యక్షుడిగానే తెలుసు. యాభై దాటిన మనిషి. మే నెలలో కూడా ఖద్దరు చొక్కా పైగుండీ విప్పడు. నవ్వితే సాహిత్యం తేలికైపోతుందన్నట్టు ముఖం బిగించుకుని తిరుగుతాడు.

అతనికి పేరు తెచ్చింది ఒక వ్యాసం. సంఘం మాసపత్రికలో ‘చక్కెర పూసిన విషం’ అని రాశాడు. చవకబారు ప్రేమ నవలలు కార్మికుల ఇళ్లలో దూరి, ఆడవాళ్ల మెదళ్లను, వాళ్లతోపాటు వర్గ పోరాటాన్ని ఎలా జోకొడుతున్నాయో అందులో వివరించాడు. వ్యాసం రాయడానికి ఉదాహరణ కావాలి కాబట్టి మంచిర్యాల స్టేషన్ రోడ్డులో పాత పుస్తకాలు అమ్మే మనిషి దగ్గర ఒక నవల కొన్నాడు. తిట్టడానికి నాలుగు పేజీలు చాలనుకున్నాడు. నాలుగో పేజీ చివర హీరోయిన్ వానలో తడుస్తూ మిల్లు గేటు ముందు నిలబడింది. ఆమెను అట్లా వదిలేసి లేవడం అతనికి మర్యాదగా తోచలేదు. వ్యాసం అచ్చయింది, సభలో చప్పట్లు మోగాయి. నవలలు కొనడం మాత్రం ఆగలేదు. అది జరిగి పదేళ్ల పైమాటే.

ఆ నవలల్లో పెట్టుబడిదారులందరూ ఆరడుగులు ఉండేవారు. వాళ్లు లాభనష్టాల గురించి మాట్లాడరు. కిటికీ దగ్గర నిలబడి దూరంగా చూస్తారు. వాళ్ల దగ్గర పనిచేసే టైపిస్టులకు ఆకలి వేయదు గానీ తరచుగా స్పృహ తప్పుతుంది. పొద్దున సంఘం ఆఫీసులో యాజమాన్యాల దోపిడీ మీద కరపత్రం దిద్ది, మధ్యాహ్నం ఒక మిల్లు యజమాని ఒంటరితనానికి జగదీశ్వర్ కళ్లు తుడుచుకునేవాడు.

దొరక్కుండా చదవడానికి అతనొక ఏర్పాటు చేసుకున్నాడు. ‘బొగ్గు ఉత్పత్తిలో శ్రమ విలువ: ఒక ఆర్థిక పరిశీలన’ అని ఇటుకంత పుస్తకం ఒకటి సంఘం వాళ్లు అతనికి ఎప్పుడో బహూకరించారు. దాన్ని తెరిచి పట్టుకుని, మధ్యలో నవల పెట్టుకుంటే ఎదుటివాళ్లకు ఇటుకే కనిపిస్తుంది. స్టోర్స్ వెనక వరండాలో, కన్వేయర్ బెల్టు చుట్టల మధ్య కూర్చుని, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని రోజూ అట్లాగే చదివేవాడు. గమ్‌బూట్ల కోసం వచ్చినవాళ్లు ఆ దృశ్యం చూసి గొంతు తగ్గించుకుని వెనక్కి పోయేవారు.

ఒకరోజు సంఘం కార్యదర్శి టిమోతి స్టోర్స్‌కు వచ్చాడు. టిమోతిది తాతల నుంచీ గని కుటుంబం. నలభై లోపు మనిషి, చర్చిలో యువజన బృందాన్ని ఎంత నమ్మకంగా నడుపుతాడో సంఘాన్నీ అంత నమ్మకంగా నడుపుతాడు. అతను వచ్చేసరికి జగదీశ్వర్ ‘ఆ మేడలో ఆఖరి మల్లె’ అనే నవలలో చివరికి దగ్గర పడ్డాడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఏమైందని టిమోతి కంగారుగా అడిగాడు. జగదీశ్వర్ ఇటుకను టపీమని మూసి, మహిళా కార్మికుల అధ్యాయం చదువుతున్నానని, తట్టుకోలేకపోయానని చెప్పాడు.

టిమోతి ఆ మాట మరిచిపోలేదు. లెక్కల పుస్తకం చదివి ఏడ్చిన మనిషిని అతను అంతకు ముందు చూడలేదు. సంఘం ఆఫీసులో చెప్పాడు, గని మీద చెప్పాడు, ఆదివారం చర్చి బయట కూడా చెప్పాడు. వారం తిరిగేలోపు జగదీశ్వర్ కన్నీళ్లు ఓపెన్‌కాస్టు గని దాకా పోయాయి. ఇంత గొప్ప పుస్తకం ఒక్కడి దగ్గర ఉండిపోవడం అన్యాయమని కార్యవర్గం తీర్మానించింది. కాలనీ కమ్యూనిటీ హాలులో శిక్షణ తరగతి పెట్టాలని, పుస్తకాన్ని జగదీశ్వర్ పరిచయం చెయ్యాలని, ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ఉపేందర్ అధ్యక్షత వహించాలని నిర్ణయించారు.

జగదీశ్వర్ బీపీ ఉందన్నాడు. స్టోర్స్‌లో ఆడిట్ ఉందన్నాడు. టిమోతి అన్నీ ఓపికగా విని, ఫ్లెక్సీ కట్టేశామని చెప్పాడు. ఉపేందర్ పేరు విన్నాక జగదీశ్వర్‌కు నిజంగానే బీపీ పెరిగింది. ఉపేందర్ ఆ ఇటుకను మొదటి నుంచి చివరిదాకా చదివాడని ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరు పొరపాటు మాట్లాడినా సభలోనే లేచి సరిదిద్దుతాడు. జగదీశ్వర్‌ది అంతా చూపించుకునే చదువని ఒకట్రెండు చోట్ల అన్నాడు కూడా.

ఇక తప్పక జగదీశ్వర్ ఆ పుస్తకాన్ని మొదటిసారి చదవడానికి కూర్చున్నాడు. మొదటి పేజీలో టన్నులు, రెండో పేజీలో టన్నుకు పట్టే మనుషులు. మూడో పేజీకి నిద్ర. లేచి మళ్లీ మొదటి పేజీ. అతని భార్య మమత అట్లా కొన్నాళ్లు చూసింది. ఒక సాయంత్రం చాయ్ గ్లాసు తెచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఎప్పటి సంది సదువుతున్న పుస్తకమే గద. ఇప్పుడెందుకు గింత కష్టపడుతున్నవు?” అంది.

“మర్చిపోయిన,” అన్నాడు జగదీశ్వర్.

“మర్చిపోనీకి సదివితే గద. అండ్ల పెట్టుకొని నువ్వు ఏం సదువుతున్నవో నాకు తెల్వదా? నువ్వు డ్యూటీకి పోంగనే సజ్జ మీది పెట్టె దింపి నేను గూడ అవే సదువుత. ఆఖరి మల్లె సగంల ఉండంగ నువ్వు స్టోర్స్‌కు పట్టుకపోయినవు. అది మళ్ల ఇంటికొచ్చేదాంక నాకు అన్నం సయించలే.”

జగదీశ్వర్‌కు ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది, ఇన్నేళ్లు మాట్లాడుకోవడానికి ఇంట్లోనే మనిషి ఉండగా ఒక్కడే కూర్చుని ఏడ్చినందుకు. ఆ వ్యాసం గురించి ఏమనుకున్నావని అడిగాడు. బాగా రాశావు, నాకే కోపమొచ్చి రెండు రోజులు నవల ముట్టలేదని మమత చెప్పింది. రేపు తరగతిలో ఏం చెప్పాలో తెలియట్లేదని అతను నెత్తి పట్టుకున్నాడు.

“టన్నులు చెప్తే అందరు పంటరు. నీకు తెల్సింది చెప్పు,” అంది మమత, గ్లాసు తీసుకుని లోపలికి పోతూ.

ఆదివారం హాలు నిండింది. రామగుండం ఎండలు తెలిసినవాళ్లు కాబట్టి సంఘం వాళ్లు రెండు పెద్ద కూలర్లు పెట్టారు. అవి గాలి కంటే శబ్దం ఎక్కువ ఇచ్చాయి. మొదటి షిఫ్టు వాళ్లు తప్ప అందరూ వచ్చారు. ముందు వరుసలో మల్లక్క కూర్చుంది. భర్త గనిలో పోయినప్పుడు ఆ ఉద్యోగంలోకి వచ్చి, గని పైన, సర్ఫేసు మీద జనరల్ మజ్దూరుగా చేసి రిటైరైన మనిషి. సంఘం సభ అంటే ఆమె రాకుండా ఉండదు. వేదిక మీద ఉపేందర్ మోకాళ్ల మీద తన సొంత ఇటుక పెట్టుకుని, మధ్య మధ్య గుర్తుగా పెట్టిన కాగితాలు తడుముకుంటూ కూర్చున్నాడు.

జగదీశ్వర్ టన్నులతోనే మొదలుపెట్టాడు. తలకు ఎన్ని టన్నులు, యంత్రానికి ఎన్ని టన్నులు అని చెప్పుకుంటూ పోయాడు. పంచిన కరపత్రాలు మొదట విసనకర్రలయ్యాయి, తర్వాత ముఖం మీద కప్పుకునే గుడ్డలయ్యాయి. వెనక వరుసలో షవల్ ఆపరేటర్ సదయ్య గురక కూలర్‌ను మించిపోయింది. జగదీశ్వర్ నీళ్లు తాగాడు. శ్రమకూ పెట్టుబడికీ ఉన్న సంబంధం అర్థం కావాలంటే ఒక ఉదాహరణ తీసుకుందామని అన్నాడు. ఒక మిల్లు యజమాని ఉన్నాడనుకుందాం, పేరు యశోవర్ధన్ అనుకుందాం అన్నాడు. అతని దగ్గర చంద్రిక అని ఒక టైపిస్టు చేరిందనుకుందాం అన్నాడు.

కాసేపటికి అనుకుందాం అనే మాట పోయింది. యశోవర్ధన్ ఆరడుగులు పెరిగాడు. మేడ కట్టుకున్నాడు, కిటికీ దగ్గర నిలబడ్డాడు. వాన కూడా పడింది. కరపత్రాలు ముఖాల మీది నుంచి దిగాయి. పక్కవాడు మోచేత్తో పొడిస్తే సదయ్య లేచి, విషయం తెలుసుకుని, చెయ్యెత్తాడు.

“ఆ పిల్ల పర్మినెంటా సార్, కాంట్రాక్టా?”

టెంపరరీ అని జగదీశ్వర్ చెప్పాడు. హాలంతా నిట్టూర్చింది. మేడకు పిలిపించి సాయంత్రాలు టైపు చేయించుకున్న దానికి ఓవర్‌టైము కట్టిచ్చాడా అని ఒకరు అడిగారు. కట్టివ్వలేదని తెలిసి గొణుగుడు పెరిగింది. స్పృహ తప్పినప్పుడు మిల్లు దవాఖానలో చూపించారా, బయట చూపించారా అని ఇంకొకరు అడిగారు. యశోవర్ధన్ తానే ఎత్తుకుని కారులో తీసుకుపోయాడని చెప్పగానే, అది ప్రమాద కేసు రికార్డు కాకుండా యాజమాన్యం చేసిన ఎత్తుగడ అని వెనక నుంచి వివరణ వచ్చింది. జగదీశ్వర్‌కు ఆ కోణం తట్టలేదు, బాగుందని ఒప్పుకున్నాడు. మల్లక్క ఒక్కటే అడిగింది, ఆ పిల్లకు తల్లి ఉందా అని. లేదని తెలుసుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

టిమోతి గోడ పక్కన నిలబడి ఆనందంతో తల ఊపుతున్నాడు. ఇంత కష్టమైన పుస్తకాన్ని ఇంత తేలికగా ఎవరు చెప్పగలరని పక్కవాళ్లతో అన్నాడు. చంద్రికకు న్యాయం జరగాలని ఎవరో నినాదమిస్తే హాలు మొత్తం అందుకుంది.

జగదీశ్వర్ ఇప్పుడు ఎవరినీ చూడటం లేదు. అపార్థం జరిగిన రాత్రి యశోవర్ధన్ వజ్రాల హారం ఇచ్చి ఆమెను కొనాలని చూశాడని, ఆమె ఆ హారాన్ని మేడ మెట్ల మీద విసిరికొట్టి వెళ్లిపోయిందని చెప్పాడు. అప్పుడు ఉపేందర్ లేచాడు.

జగదీశ్వర్ మైకు ముందు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇటుకలో చంద్రిక లేదని ఈ హాలులో తెలిసిన మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ లేచాడు. ఉపేందర్ మైకు తన వైపు తిప్పుకున్నాడు. అతని ముఖం ఎర్రబడి ఉంది.

“మీరు తప్పు చెప్తున్నరు సార్. ఆమె హారం మెట్ల మీద ఇసిరికొట్టలె. కుక్క మెడల ఏసిపోయింది. తెల్లారి ఆ కుక్క హారంతోని తోటల తిరుగుతుంటె ఆయన సూస్తడు. అక్కడనే ఆయనకు బుద్ధొస్తది. అది ఇడిసిపెడితె కథల ఇంకేం మిగుల్తది?”

అన్నాక అతనికి తను అన్నది వినపడింది. చేతిలోని ఇటుక కిందపడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పదేళ్లుగా జగదీశ్వర్ ఈ మనిషిని తప్పించుకోవడానికి సభల్లో వేరే వైపు మెట్లెక్కాడు. ఇప్పుడు అతని మీద పడి ఏడవాలనిపించింది. సార్ చెప్పింది నిజమే, కుక్క మెడలోనే వేసింది, నేనే పొరబడ్డానని మైకులో అన్నాడు. ఇద్దరు పండితులు ఒక్క వివరం కోసం ఇంత పట్టుబట్టడం చూసి టిమోతి చప్పట్లు కొట్టాడు. భోజనాల వేళ దాటిపోతోందని వంటవాళ్లు కబురు పంపడంతో తరగతి అక్కడే ఆగిపోయింది.

కష్టాలు తర్వాత మొదలయ్యాయి. ఆ పుస్తకం మాకూ కావాలని కార్మికులు సంఘం ఆఫీసు ముందు గుమిగూడారు. టిమోతి సంతోషంగా హైదరాబాదు నుంచి ఒక కట్ట తెప్పించాడు. వరసలు కట్టి తీసుకుపోయారు. షిఫ్టు బస్సులో చదివారు, క్యాంటీన్‌లో చదివారు. ఇంట్లో ఆడవాళ్లకు చదివి వినిపించబోయి మాట పడ్డారు. సదయ్య సెలవు పెట్టి మరీ చదివాడు. సగం దాకా పోయినా అన్నీ పట్టికలే, ఆ పిల్ల ఎక్కడొస్తదని వచ్చి అడిగాడు. ఇంకా ముందుకు పోవాలేమోనని టిమోతి సర్దిచెప్పి, తానే పెన్సిలు పట్టుకుని చివరిదాకా చదివాడు. చదవడం పూర్తయిన మధ్యాహ్నం నేరుగా స్టోర్స్ వరండాకు వచ్చాడు.

“అన్నా, నా పుస్తకంల చంద్రిక లేదు,” అన్నాడు.

జగదీశ్వర్ చేతిలో ఇటుక తెరిచే ఉంది. మూయలేదు. మధ్యలోంచి నవల తీసి టిమోతి చేతిలో పెట్టాడు. అట్ట మీద మేడ, మేడ ముందు కారు, కారుకు ఆనుకుని ఆరడుగుల మనిషి. టిమోతి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. నిన్ను నమ్మి నేను చర్చిలో పిల్లలకు కూడా చెప్పానని, చంద్రిక కోసం ప్రార్థన చేయించానని మెల్లగా అన్నాడు. తిట్టి ఉంటే జగదీశ్వర్‌కు కొంత తేలికయ్యేది.

“తప్పైంది తమ్మీ. సదివితే పానం నిమ్మలమైతది. చెప్పుకోనీకి మాత్రం సిగ్గైంది,” అన్నాడు.

టిమోతి లేచి రెండడుగులు వేసి ఆగాడు. “మరి ఉపేందర్ సార్‌కు కుక్క సంగతి ఎట్ల తెల్సు?”

జగదీశ్వర్ తల వంచుకుని టిఫిన్ డబ్బా మూత బిగించాడు. ఎంత బిగించినా ఇంకా బిగించాల్సింది ఉన్నట్టే చేశాడు. టిమోతికి అర్థమైంది.

కార్యవర్గం అత్యవసరంగా కూర్చుంది. విషయం తీవ్రమైనది కాబట్టి సభ్యులందరూ నవలను స్వయంగా పరిశీలించాకే నిర్ణయం చెప్పాలనుకున్నారు. పరిశీలన చాలా కాలం పట్టింది, ఎందుకంటే తీసుకున్నవాళ్లెవరూ తొందరగా తిరిగి ఇవ్వలేదు, ఇచ్చినప్పుడు పేజీల మధ్య పసుపు మరకలు, కూర మరకలు ఉన్నాయి. చివరికి జగదీశ్వర్‌ను అధ్యక్ష పదవి నుంచి తప్పించారు. ఉపేందర్‌ను ఒక సంవత్సరం పాటు వేదికలకు పిలవకూడదని తీర్మానించారు. నవలలోని కారు ఏ మోడల్ అన్న దాని మీద కూడా చర్చ జరిగిందంటారు గానీ మినిట్స్‌లో రాయలేదు.

పదవి పోయిన రోజు సాయంత్రం ఉపేందర్ జగదీశ్వర్ క్వార్టర్‌కు వచ్చాడు. ముందు కాసేపు ఎండల గురించి మాట్లాడాడు. వరంగల్‌లో హాస్టల్లో ఉన్నప్పటి నుంచి చదువుతున్నానని, ఎకనామిక్స్ చెప్పేవాడికి ఇది బాగుండదని దాచుకున్నానని తర్వాత చెప్పాడు. మమత చాయ్ ఇచ్చి అక్కడే కూర్చుంది. యశోవర్ధన్ మంచివాడా కాదా అని ముగ్గురూ పోట్లాడుకున్నారు. జగదీశ్వర్ ఆ రోజు పైగుండీ విప్పుకుని, పకపకా నవ్వాడు. పదవి గురించి ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాతి వారం మల్లక్క కబురు పెట్టింది. తరగతి అన్నాలకు లేవడంతో కుక్క దగ్గరే ఆగిపోయింది కదా, తర్వాతేమైందో ఎవర్ని అడిగినా ఒక్కో రకంగా చెప్తున్నారని, తనకు చదువు రాదు కాబట్టి వచ్చి చదివి పెట్టమని ఆమె అడిగింది. ఆదివారం పొద్దున జగదీశ్వర్ నవల పట్టుకుని, ఈసారి ఏ ఇటుకా అడ్డం లేకుండా, కాలనీ వీధిలో నడిచి పోయాడు. కొందరు చూసి నవ్వారు. ఇద్దరు ముగ్గురు అతని వెనకే వచ్చి మల్లక్క అరుగు మీద కూర్చున్నారు.

జగదీశ్వర్ చదివాడు. కుక్క తోటలోకి వచ్చింది, యశోవర్ధన్ చూశాడు, కారు వేసుకుని ఊళ్లన్నీ వెతికాడు. చంద్రిక ఒక అనాథాశ్రమంలో కనిపించింది. పచ్చటి సాయంత్రం, మల్లెలు. చివరి పేజీ తిప్పాడు. ‘ఆమె అతని పాదాల మీద పడి, నన్ను క్షమించండి అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది’ అని చదివాడు.

దీపం ఒత్తులు చేస్తూ వింటున్న మల్లక్క చెయ్యి ఆపింది.

“ఎవరు ఎవరి కాళ్ల మీద పడ్డరు?”

“చంద్రిక, యశోవర్ధన్ కాళ్ల మీద.”

“ఆ పిల్ల ఏం తప్పు చేసిందని? వాడు గదా హారమిచ్చి కొనాలని సూసింది. మంచిగ సూసి సదువు బిడ్డా.”

జగదీశ్వర్ పుస్తకం వైపు చూశాడు. అక్షరాలు చక్కగానే కనిపిస్తున్నాయి. ఈ పేజీ దగ్గర అతను ఎన్నిసార్లు ఏడ్చాడో లెక్కలేదు, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న రాలేదు. అరుగు మీదివాళ్లు ఎదురుచూస్తున్నారు. అతను కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. పేజీని ముఖానికి కొంచెం దగ్గరగా పట్టుకున్నాడు.

“అతను ఆమె పాదాల మీద పడి, నన్ను క్షమించు చంద్రికా అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు,” అని చదివాడు.

“ఆఁ, గట్ల,” అంది మల్లక్క, మళ్లీ ఒత్తి అందుకుంటూ. “ఒకసారి కండ్ల దవాఖానల సూపెట్టుకో.”